పాత కారులో గేర్ పడటం లేదా? గేర్‌బాక్స్ పోయిందని కంగారు పడకండి.. ముందు ఇవి చెక్ చేయండి!

సిగ్నల్ దగ్గర గ్రీన్ లైట్ పడింది. వెనక నుంచి ఒకటే హారన్లు. ఫస్ట్ గేర్ వేద్దామంటే లివర్ లోపలికి వెళ్లడం లేదు. బలంగా నెడితే కర్రుమని శబ్దం. ఎలాగోలా కారును పక్కకు తీసి మెకానిక్‌కి ఫోన్ చేస్తే.. ఆయన వచ్చి రెండుసార్లు లివర్ ఊపి చూసి ఒక్క మాట చెప్తాడు. "గేర్‌బాక్స్ దించాలి సార్".

పదేళ్లు, పన్నెండేళ్లు దాటిన కారు ఉన్నవాళ్లకు ఈ మాట వింటే గుండెల్లో రాయి పడ్డట్టే. కారు అమ్మితే లక్షన్నర వస్తుందనుకుందాం. గేర్‌బాక్స్ పనికి యాభై వేలు అవుతుందంటే ఏం చేయాలి? బాగు చేయించాలా, వచ్చినకాడికి అమ్మేయాలా? చాలా ఇళ్లలో ఈ ప్రశ్న దగ్గరే కారు చేజారిపోతుంది. ఆ కారు మీదే కిరాయిలు తోలుకుని బతికేవాళ్లకైతే అది ఇంకా పెద్ద దెబ్బ.

కానీ ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. గేర్ పడకపోయినంత మాత్రాన గేర్‌బాక్స్ పోయినట్టు కాదు. క్లచ్ కేబుల్ సాగినా గేర్ పడదు. క్లచ్ ఫ్లూయిడ్ తగ్గినా పడదు. ఆఖరికి క్లచ్ పెడల్ కింద ఫ్లోర్ మ్యాట్ మడతపడినా గేర్ సరిగా పడదు! నవ్వులాటకు చెప్పడం లేదు.. పెడల్ చివరి వరకు నొక్కుడు పడకపోతే క్లచ్ పూర్తిగా విడిపోదు. అందుకే గ్యారేజీకి వెళ్లే ముందు మీ అంతట మీరే కొన్ని పరీక్షలు చేసుకోవచ్చు. పానా కూడా అవసరం లేదు.

లోపల అసలు ఏం జరుగుతుంది?

ఇంజిన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం ఒకసారి ఆగాలి, ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా తిరగాలి. ఈ రెండింటినీ కలిపేది, విడదీసేది క్లచ్. ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేట్. ఆ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు అదిమి పట్టేది ప్రెషర్ ప్లేట్. మీరు పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగ్ వెళ్లి ప్రెషర్ ప్లేట్‌ మధ్యలో ఉన్న స్ప్రింగ్ వేళ్లను నొక్కుతుంది. అప్పుడు క్లచ్ ప్లేట్ ఫ్రీ అవుతుంది. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ సంబంధం తెగుతుంది.

గేర్‌బాక్స్ లోపల గేర్లన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. మీరు లివర్ కదిపినప్పుడు గేర్లు జరగవు.. షాఫ్ట్ మీదున్న స్లీవ్ జరిగి ఏదో ఒక గేర్‌ను షాఫ్ట్‌కు లాక్ చేస్తుంది. ఆ లాక్ పడే ముందు రెండింటి వేగం సమానం చేసే పని ఇత్తడి రంగులో ఉండే ఒక రింగుది. దాన్నే సింక్రోనైజర్ రింగ్ అంటారు. మెకానిక్‌లు సింక్రో అంటారు. గేర్ మార్చినప్పుడు కర్రుమనకుండా మెత్తగా పడుతోందంటే ఆ రింగు పుణ్యమే. అది అరిగిపోతే వేగం సమానం కాకముందే పళ్లు తగులుకుంటాయి.. ఆ చప్పుడే మనకు వినిపించేది.

ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. రెండింటికీ ఆయిల్ ఒకటే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

మొదటి పరీక్ష: ఇంజిన్ ఆపి గేర్లు వేయండి

కారును చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆఫ్ చేయండి. క్లచ్ తొక్కి అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూడండి. ఒక్కోసారి పళ్లు ఎదురెదురుగా నిలిచి గేర్ పడదు. అప్పుడు కారును అంగుళం అటూ ఇటూ కదిపితే పడిపోతుంది.. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇంజిన్ ఆఫ్‌లో అన్నీ మెత్తగా పడి, ఇంజిన్ ఆన్ చేయగానే ఏ గేరూ పడటం లేదంటే.. సమస్య గేర్‌బాక్స్‌ది కాకపోవడానికే ఎక్కువ అవకాశం. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. పెడల్ తొక్కినా క్లచ్ ప్లేట్ ఎంతోకొంత తిరుగుతూనే ఉంది. దీన్ని ఖాయం చేసుకోవడానికి ఇంకో చిన్న పని చేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, మనసులో ఐదు వరకు లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేయండి. చాలా కార్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు. క్లచ్ సరిగా విడిపోయి ఉంటే ఆ ఐదు సెకన్లలో లోపలి షాఫ్ట్ ఆగిపోతుంది, రివర్స్ చప్పుడు లేకుండా పడుతుంది. అప్పటికీ కర్రుమంటోందంటే క్లచ్ వదలడం లేదన్నమాటే.

ఇక కారణం వెతకాలి. మారుతి 800 లాంటి పాత కార్లలో క్లచ్‌కు కేబుల్ ఉంటుంది. కేబుల్ సాగిపోతే పెడల్‌లో ఖాళీ ఎక్కువవుతుంది.. తొక్కినంతా అందులోనే పోతుంది. ఇది కేబుల్ నట్ బిగించి సరిచేసే పని. కేబుల్ పోగులు తెగుతున్నట్టు కనిపిస్తే మాత్రం బిగించి ఊరుకోకుండా మార్చేయండి. తెగేది ఎప్పుడో తెలీదు, ఊరి బయట తెగితే ఇబ్బంది.

హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కార్లలో కేబుల్ బదులు ఫ్లూయిడ్ పనిచేస్తుంది. చాలా మోడళ్లలో ఇది బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా నుంచే వస్తుంది. పెడల్‌ను గబగబా రెండు మూడుసార్లు తొక్కితే గేర్ పడుతోందా? అయితే లైన్‌లో గాలి చేరింది, లేదా మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్‌లలో ఏదో ఒకటి లీక్ అవుతోంది. పెడల్ పైన కార్పెట్ దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూడండి. ఈ లీక్‌ను "క్లచ్ సమస్యే కదా" అని తేలిగ్గా తీసుకోవద్దు. డబ్బా ఒకటే అయినప్పుడు అందులో ఫ్లూయిడ్ తగ్గితే బ్రేకుల సంగతి కూడా ఆలోచించాలి.

ఇంజిన్ ఆఫ్‌లోనూ గేర్ గట్టిగానే ఉంటే.. అప్పుడు లివర్ నుంచి గేర్‌బాక్స్ దాకా వెళ్లే షిఫ్టర్ కేబుళ్లు, వాటి చివర్న ఉండే ప్లాస్టిక్ బుష్‌లు చూడాలి. ఈ బుష్ అరిగితే లివర్ గంటలో గరిటెలా తిరుగుతుంది, ఏ గేర్ ఎక్కడుందో అర్థం కాదు. చిన్న ముక్కే కానీ పెద్ద రిపేర్ లాగా భయపెడుతుంది. అవన్నీ బాగున్నాకే గేర్‌బాక్స్ లోపలికి అనుమానం వెళ్లాలి.

ఒక్క గేర్ మాత్రమే ఇబ్బంది పెడుతోందా?

అన్నీ బాగా పడి సెకండ్ గేర్ మాత్రమే కర్రుమంటోందంటే క్లచ్‌ను అనుమానించాల్సిన పనిలేదు. క్లచ్ చెడితే అన్ని గేర్లకూ చెడుతుంది. ఇది సెకండ్ గేర్ సింక్రో అరిగిన లక్షణం. ముఖ్యంగా థర్డ్ నుంచి సెకండ్‌కి దించేటప్పుడు తెలుస్తుంది. సిటీ ట్రాఫిక్‌లో ఎక్కువ పని పడేది ఆ గేర్‌కే మరి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లేలోపు సెకండ్ ఎన్నిసార్లు వేస్తామో ఎవరూ లెక్కపెట్టరు!

సింక్రో అరిగిన కారు వెంటనే ఆగిపోదు. వేగం ఇంకాస్త తగ్గనిచ్చి, లివర్‌ను తోయకుండా మెల్లగా ఒత్తి పట్టుకుంటే అదే పడుతుంది. అలా నెలల తరబడి నడుపుకునేవాళ్లు ఉన్నారు. కానీ ప్రతిసారీ కర్రుమనిపిస్తూ నడిపితే గేర్ పళ్లు కూడా పాడవుతాయి. అప్పుడు రింగుతో పోయే ఖర్చు గేర్ సెట్ దాకా వెళ్తుంది.

వేసిన గేర్ తనంతట తానే న్యూట్రల్‌లోకి వచ్చేయడం వేరే సమస్య. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే లివర్ ఎగిరి బయటికి వస్తుంది. దీనికి లోపల పళ్లు అరగడం, లాక్ స్ప్రింగ్ బలహీనపడటం కారణం కావచ్చు. అయితే ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చిరిగినా ఇలాగే జరుగుతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసి ముందుకూ వెనక్కూ ఊగుతుంటే లివర్‌ను లాగేస్తాయి. అందుకే ముందు మౌంటింగ్‌లు చూపించండి. ఈ సమస్య ఉన్న కారుతో మాత్రం ఘాట్ రోడ్డు ఎక్కవద్దు. దిగేటప్పుడు గేర్ జారిపోతే ఇంజిన్ పట్టు పోయి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

శబ్దం ఎప్పుడు వస్తోంది.. అదే అసలు ప్రశ్న

గ్యారేజీలో "ఏదో సౌండ్ వస్తోంది" అని చెప్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు ఆగుతోందో చెప్తే సగం రోగం అక్కడే తేలిపోతుంది.

కారు నిలబడి ఉంది, న్యూట్రల్‌లో ఉంది, ఇంజిన్ ఆన్‌లో ఉంది అనుకుందాం. పెడల్ మీద కాలు లేనప్పుడు గరగరమంటూ, కాలు పెట్టి తొక్కగానే ఆగిపోతోందంటే గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఎందుకంటే క్లచ్ తొక్కగానే ఆ షాఫ్ట్ తిరగడం ఆగిపోతుంది, దాంతో పాటే చప్పుడూ ఆగుతుంది. దీనికి రివర్స్‌లో.. మామూలుగా చప్పుడు లేకుండా, పెడల్ తొక్కినప్పుడే కీచుమంటోందంటే అది రిలీజ్ బేరింగ్. ఈ రెండింటి ఖర్చులో చాలా తేడా ఉంటుంది. మొదటిదానికి గేర్‌బాక్స్ విప్పాలి. రెండోదానికి గేర్‌బాక్స్ దించితే చాలు, విప్పక్కర్లేదు.

కారు వెళ్తున్నప్పుడు హమ్మని మోగుతూ వేగంతో పాటు పెరుగుతోందా? ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. తిప్పినప్పుడు శబ్దం మారుతుంటే అది చాలావరకు వీల్ బేరింగే. గేర్‌బాక్స్‌కు సంబంధం లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు టక్ టక్ టక్ అంటుంటే యాక్సిల్ చివరి సీవీ జాయింట్. దాని మీదున్న రబ్బరు బూట్ చిరిగి, గ్రీజు పోయి, మట్టి చేరి ఉంటుంది. బూట్ చిరిగినప్పుడే చూసుకుని ఉంటే చిన్న ఖర్చుతో పోయేది. ఇక ఒక గేర్‌లో మాత్రమే అరుపు వినిపిస్తూ మిగతా గేర్లలో లేదంటే.. అది నిజంగానే గేర్‌బాక్స్ వ్యవహారం.

ఇంజిన్ అరుస్తోంది.. కారు మాత్రం లాగడం లేదు

ఇది క్లచ్ జారుతున్న లక్షణం. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బాగా తెలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తుంది, స్పీడ్ మాత్రం అక్కడే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది. కాసేపటికి మాడిన వాసన.. ఒకసారి పీల్చితే మర్చిపోరు.

పరీక్ష తేలికే. ట్రాఫిక్ లేని రోడ్డు మీద నాలుగో గేర్‌లో నలభై స్పీడ్‌లో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం, స్పీడ్ రెండూ కలిసి మెల్లగా పెరగాలి. ఆర్‌పీఎం ఒక్కటే దూకిందంటే ప్లేట్ అయిపోయినట్టే. ఈ పరీక్షను సరదాకి పదిసార్లు చేయవద్దు, మిగిలిన ప్లేట్ కూడా అక్కడే కాలిపోతుంది. పెడల్ బాగా పైకి వచ్చాక గానీ కారు కదలకపోవడం కూడా అరుగుదలకు గుర్తే.

క్లచ్ జారినా గేర్‌బాక్స్ బాగానే ఉంటుంది. క్లచ్ ప్లేట్ అంటే టైర్ల లాగా, బ్రేక్ ప్యాడ్ల లాగా అరగడానికే పెట్టిన భాగం. "గేర్‌బాక్స్ పోయింది" అని బెంబేలెత్తి కారు అమ్మేసేవాళ్లలో కొందరు అమ్మేది నిజానికి క్లచ్ ప్లేట్ అరిగిన కారునే. కొన్నవాడు ప్లేట్ వేయించుకుని హాయిగా తిరుగుతుంటాడు.

రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరచండి

పాత కార్లలో గేర్‌బాక్స్‌ను ఎక్కువగా చంపేది లోపలి లోపం కాదు.. ఆయిల్ లేకపోవడం. యాక్సిల్ గేర్‌బాక్స్‌లోకి వెళ్లే చోట రబ్బరు సీల్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడి ఆయిల్‌ను బయటికి వదులుతుంది. రోజుకు నాలుగు చుక్కలే కదా అనిపిస్తుంది. కానీ చిన్న కార్ల గేర్‌బాక్స్‌లో పట్టేదే రెండు లీటర్ల చుట్టుపక్కల. ఇంజిన్ ఆయిల్ తగ్గితే డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర లైట్ వెలుగుతుంది. గేర్ ఆయిల్ తగ్గితే మామూలు మాన్యువల్ కార్లలో ఏ లైటూ వెలగదు. డిఫరెన్షియల్‌కూ అదే ఆయిల్ అని పైన చెప్పుకున్నాం కదా.. ఎండిపోతే రెండూ పోతాయి.

రాత్రి పార్క్ చేసేటప్పుడు ముందు భాగం కింద తెల్లటి అట్టముక్క లేదా న్యూస్ పేపర్ పరిచి పొద్దున్నే చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ కావచ్చు. తేనె రంగులో చిక్కగా, గంధకం వాసన వేస్తుంటే గేర్ ఆయిల్. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ ఫ్లూయిడ్ గానీ పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్ గానీ. పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్. ఏ రంగూ వాసనా లేని నీళ్లయితే ఏసీవి, పట్టించుకోనక్కర్లేదు.

గేర్ ఆయిల్ లెవెల్ చూడటానికి చాలా కార్లలో డిప్ స్టిక్ ఉండదు. పక్కన ఒక ఫిల్లర్ బోల్ట్ ఉంటుంది. కారును లిఫ్ట్ మీద సమంగా పెట్టి అది విప్పితే, రంధ్రం అంచు దాకా ఆయిల్ ఉండాలి. మార్పించేటప్పుడు ఒక జాగ్రత్త. కింది డ్రెయిన్ బోల్ట్ కంటే ముందు ఈ ఫిల్లర్ బోల్ట్ విప్పమనండి. పాత కార్లలో అది తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఉన్న ఆయిల్ అంతా కిందికి వదిలేశాక పై బోల్ట్ రాకపోతే.. కారు అక్కడే ఉండిపోతుంది.

డ్రెయిన్ బోల్ట్ చివర అయస్కాంతం ఉన్న కార్లలో దానికి అంటుకున్నది చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉంటే అది మామూలు అరుగుదల, భయం లేదు. మెరిసే పెచ్చులు, పంటి ముక్కలు కనిపిస్తే మాత్రం లోపల ఏదో విరుగుతోంది. ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ఏ ఆయిల్ పోయాలి అన్నది ఇంకో పెద్ద గొడవ. షాపుల్లో జీఎల్-4, జీఎల్-5 అని రెండు రకాలు దొరుకుతాయి. పెద్ద నంబర్ అంటే మంచిదని జీఎల్-5 పోయించేవాళ్లు ఉన్నారు. అది తప్పు. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ ఉన్న యాడిటివ్స్ ఎక్కువ. వెనక చక్రాల వాహనాల డిఫరెన్షియల్‌లో ఉండే భారీ ఒత్తిడిని తట్టుకోవడానికి అలా తయారుచేస్తారు. ఇత్తడి సింక్రో రింగులకు అవి పడకపోవచ్చు. పైగా రింగు పట్టు దొరికి పనిచేయాలి, మరీ జారుడుగా ఉంటే గేర్ కర్రుమంటుంది. కొన్ని కార్లకు 75డబ్ల్యూ-90, కొన్నింటికి అంతకంటే పలుచటి ప్రత్యేక ఆయిల్ వాడాలి. ఓనర్స్ మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే పోయించండి. పుస్తకం పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు అయితే, పాత ఓనర్ ఏం చెప్పినా సరే, ఒకసారి మార్పించేయడమే మేలు. క్లచ్, బ్రేక్ ఫ్లూయిడ్ కూడా రెండేళ్లకోసారి మారిస్తే మంచిది. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే సిలిండర్ల లోపల తుప్పు మొదలవుతుంది.

వరద నీళ్లలో నిలిచిన కారా? తప్పక చూడాల్సింది ఇదే

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లోనూ అదే పరిస్థితి. అలాంటప్పుడు అందరూ ఇంజిన్ గురించి, సీట్ల గురించి, వైరింగ్ గురించి ఆలోచిస్తారు. గేర్‌బాక్స్ ఎవరికీ గుర్తురాదు.

గేర్‌బాక్స్ పైన బ్రీదర్ అనే చిన్న గాలి గొట్టం ఉంటుంది. లోపల వేడెక్కి వ్యాకోచించిన గాలి బయటికి పోవడానికి పెట్టిన దారి అది. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడు బయటి నుంచి లోపలికి పీల్చుకుంటుంది. బ్రీదర్, సీళ్లు నీళ్లలో ఉంటే పీల్చుకునేది నీళ్లనే! అంటే కారు రోజుల తరబడి మునగక్కర్లేదు.. వానాకాలంలో అండర్‌పాస్ కింద బంపర్ దాటి నీళ్లలో పది నిమిషాలు ఇరుక్కున్నా ప్రమాదమే.

నీళ్లు కలిసిన ఆయిల్ పాలు పోసిన కాఫీ రంగులోకి మారుతుంది. ఇలాంటి ఆయిల్‌తో కారు కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, అక్కడే మోసపోతాం. లోపల బేరింగులకు తుప్పు పట్టి, కొన్ని నెలల తర్వాత గరగర మొదలవుతుంది. అప్పటికి వరద సంగతి మనమే మర్చిపోయి ఉంటాం. నీళ్లలో నిలిచిన కారైతే గేర్ ఆయిల్‌ను వెంటనే మార్పించి, కొంత నడిపాక మళ్లీ ఒకసారి మార్పించండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేస్తుంటే సర్వేయర్‌కు గేర్‌బాక్స్ ఆయిల్ కూడా చూపించమని అడగండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు, ఎంత మెరుస్తున్నా సరే, ఫిల్లర్ బోల్ట్ విప్పించి ఆయిల్ రంగు చూసిన తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.

ఆటోమేటిక్ కార్ల సంగతేంటి?

మన దగ్గర పాత ఆటోమేటిక్ అంటే ఒకప్పుడు ఖరీదైన కార్లే. 2014లో సెలెరియోతో ఏఎంటీ వచ్చాక చిన్న కార్లకూ ఆటోమేటిక్ అలవాటైంది. ఆ మొదటి కార్లకు ఇప్పుడు పదేళ్లు దాటిపోయాయి. అంటే రిపేర్లకు వచ్చే వయసే.

ఏఎంటీలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మన కాలూ చెయ్యీ చేసే పనిని మోటార్లు, హైడ్రాలిక్స్ చేస్తాయి, అంతే. క్లచ్ పెడల్ లేదు కదా అని ఎత్తు మీద ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా తొక్కుతూ కారును నిలబెట్టేవాళ్లు చాలామంది. లోపల ఆ కాసేపూ క్లచ్ కాలుతూనే ఉంటుంది. బ్రేక్ వాడండి. కుదుపులు, గేర్ పడక న్యూట్రల్‌కి వెళ్లిపోవడం ఉంటే ముందు స్కానర్ పెట్టించి కోడ్ చూడాలి. క్లచ్ మార్చిన తర్వాత కూడా స్కానర్‌తో లెర్నింగ్ చేయించాలి. అది చేయకుండా పంపేస్తే కొత్త క్లచ్‌తో కూడా కారు కుదుపుతుంది, పనితనం బాలేదని తిట్టుకుంటాం.

టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు సిసలు ఆటోమేటిక్‌కు ఫ్లూయిడే ప్రాణం. కొత్తలో ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తుంటే లోపల క్లచ్‌లు కాలుతున్నట్టు. పార్క్ నుంచి డ్రైవ్‌లోకి వేశాక రెండు మూడు సెకన్లు ఆగి ఒక్క కుదుపుతో కదలడం కూడా మంచి సంకేతం కాదు. కొన్ని కంపెనీలు జీవితకాలం ఫ్లూయిడ్ మార్చక్కర్లేదంటాయి. మన ఎండలు, మన ట్రాఫిక్ చూస్తే దాన్ని నమ్మి కూర్చోవడం మంచిది కాదనిపిస్తుంది. అలాగని లక్ష కిలోమీటర్లు ముట్టుకోని గేర్‌బాక్స్‌కు ఒకేసారి మెషిన్ పెట్టి ఫ్లష్ కొట్టించడం కన్నా, దించగలిగినంత దించి కొత్తది పోయడం, కొంత తిరిగాక మళ్లీ అలాగే చేయడం నయం. ఒకసారి దించితే కన్వర్టర్‌లో ఉన్నదంతా ఎలాగూ రాదు. సీవీటీకి సీవీటీ ఫ్లూయిడే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ఫ్లూయిడ్ పోస్తే లోపల స్టీల్ బెల్ట్ జారి గేర్‌బాక్స్ మొత్తం పోతుంది. డ్యూయల్ క్లచ్ కార్లలో డ్రై క్లచ్ రకం ఉంటే బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో త్వరగా వేడెక్కుతుంది. హెచ్చరిక కనిపిస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి.

ఆగిపోయిన ఆటోమేటిక్ కారును తాడు కట్టి లాక్కెళ్లకండి. ఇంజిన్ ఆఫ్‌లో ఉంటే లోపలి పంప్ తిరగదు, ఆయిల్ అందదు, కానీ చక్రాలతో పాటు లోపలి భాగాలు తిరుగుతాయి. కొన్ని కిలోమీటర్లు చాలు నాశనం కావడానికి. ఫ్లాట్ బెడ్ బండి పిలిపించాల్సిందే.

రోజూ మనమే చేసే తప్పులు

క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడపడం. ఇది అన్నింటికంటే పెద్దది. కాలు బరువుకే రిలీజ్ బేరింగ్ నొక్కుకుని తిరుగుతూ ఉంటుంది, ప్లేట్ మీద పట్టు తగ్గుతుంది. గేర్ మార్చాక కాలు పక్కకు పోవాలి. సిగ్నల్ దగ్గర అరవై సెకన్లు ఉంటే న్యూట్రల్ వేసి కాలు తీసేయండి. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో కారును ఆపడం మానేసి హ్యాండ్ బ్రేక్ వాడండి. రివర్స్ నుంచి ఫస్ట్‌కి, ఫస్ట్ నుంచి రివర్స్‌కి మారేటప్పుడు కారు పూర్తిగా ఆగాలి. పార్కింగ్‌లో తొందరపడి ఇంకా దొర్లుతుండగానే వేసేస్తుంటారు. సెకండ్‌లో స్టార్ట్ చేయడం, పెళ్లికి ఎనిమిదిమందిని కుక్కి ఘాట్ ఎక్కించడం.. వీటి ఫలితం వెంటనే కనిపించదు కాబట్టే అలవాటైపోతాయి.

శ్రీశైలం ఘాట్‌లోనో ఇంకెక్కడో దిగేటప్పుడు పెట్రోల్ ఆదా అని న్యూట్రల్ చేయకండి. ప్రమాదం సంగతి అటుంచితే, గేర్‌లో ఉండి కాలు తీస్తే ఇంజెక్షన్ ఇంజిన్‌లకు ఇంధనం ఎలాగూ ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఐడిల్ కోసం తాగుతూనే ఉంటుంది.

గ్యారేజీలో ఏం అడగాలి?

మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి కారు నడపండి. శబ్దం వచ్చినప్పుడు చూపించండి. విప్పకముందే ఫైనల్ రేటు చెప్పడం ఎవరివల్లా కాదు, అది అతని తప్పు కాదు. కానీ విప్పాక మీకు ఫోన్ చేసి, భాగాలు చూపించి, అప్పుడు పని మొదలుపెట్టాలని ముందే మాట్లాడుకోండి. తీసిన పాత పార్టులు డిక్కీలో పెట్టమనండి. పెద్ద మొత్తం చెబితే రెండో గ్యారేజీలో అడగడానికి మొహమాటం వద్దు.

క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించుతున్నారంటే కూలీలో ఎక్కువ భాగం దించి ఎక్కించడానికే పోతుంది. కాబట్టి ప్లేట్ ఒక్కటే మార్చి వదిలేయొద్దు. ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కలిపి సెట్‌గా వేయించండి. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్, యాక్సిల్ సీళ్లు కూడా అప్పుడే మార్పించేయండి. రెండు మూడు వందల సీల్‌కు కక్కుర్తిపడితే, అది లీకై ఆయిల్ కొత్త ప్లేట్ మీద పడి మళ్లీ మొదటికొస్తుంది.

గేర్‌బాక్స్ నిజంగానే పోయిందని తేలితే మూడు దారులు ఉంటాయి. ఉన్నదాన్నే విప్పి బేరింగులు, సింక్రోలు వేయించడం, కొత్తది కొనడం, లేదా పాతది తెచ్చి ఎక్కించడం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల స్క్రాప్‌కు వెళ్లిన కార్ల గేర్‌బాక్స్‌లు దొరుకుతాయి. పాత కారుకు ఇది చాలాసార్లు చవకైన దారి. కాకపోతే మోడల్ పేరు ఒకటే అయినా ఏడాదిని బట్టి, పెట్రోలా డీజిలా అన్నదాన్ని బట్టి గేర్‌బాక్స్ మారుతుంది. మీ పాతదాని మీదున్న నంబర్ ఫొటో తీసుకుని వెళ్లండి. కొనే ముందు షాఫ్ట్ చేత్తో తిప్పి, అన్ని గేర్లూ వేసి, లోపల మిగిలిన ఆయిల్ రంగు చూడండి. నీళ్లలో మునిగిన కారుది అంటగట్టే అవకాశం కూడా ఉంది మరి. పది పదిహేను రోజుల చెకింగ్ వారంటీ బిల్లు మీద రాయించుకోండి.

ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది, తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకు పొడిగిస్తారు. పద్నాలుగో ఏడు నడుస్తున్న కారుకు గేర్‌బాక్స్ మీద యాభై వేలు పెట్టే ముందు బాడీ తుప్పు, ఇంజిన్ పరిస్థితి, ఆ రెన్యువల్‌కు అయ్యే ఖర్చు ఒక కాగితం మీద రాసుకోండి. పదో ఏడులో ఉండి ఇంజిన్ బాగుంటే మాత్రం, అదే డబ్బుతో తెలియని ఇంకో పాత కారు కొనేకన్నా తెలిసిన కారును బాగు చేయించుకోవడమే లాభం.